బీడులో బంగారు బల్లి

మా కాలేజీలో పిల్లలు నన్ను చాటుగా మిరపకాయ మేడమ్ అనేవాళ్లు. ఆ సంగతి నాకు తెలుసని వాళ్లకు తెలియదు. రికార్డు పుస్తకంలో ఆకు బొమ్మను మొక్క చూసి కాకుండా పక్కవాడి పుస్తకం చూసి గీశారని పసిగడితే చాలు, ఆ కాగితం చించి చేతిలో పెట్టేదాన్ని. చూసింది గీయండి, చూడనిది గీయకండి అని ముప్పై ఏళ్లు గొంతు చించుకున్నాను. అలా నా చేత తిట్లు తిన్నవాళ్లు ఇప్పుడు ఎక్కడెక్కడో మేష్టార్లుగా, ఆఫీసర్లుగా ఉన్నారు. వాళ్లలో ఎవరైనా ఇది చదివితే నవ్వుకుంటారు. నవ్వుకోనీ, నాకు కావలసిందే. నేను చెప్పబోయేది నేనే ఒక ఊరి పేరు మీద చూడనిదంతా రాసి సంతకం పెట్టిన సంగతి.

చెట్లు, పిట్టలు, పురుగుల లెక్క రాసే పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం రాయమని ఎవరో అడిగితే ఇది రాస్తున్నాను. సన్మానాల కబుర్లు, కొత్త మొక్క దొరికిన రోజు కబుర్లు నా దగ్గర లేకపోలేదు. అవి ఎవరైనా చెబుతారు.

తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీలో బాటనీ చెప్పి రిటైరయ్యాను. సర్వీసు చివరి రోజుల్లో పాఠాలతో పాటు ఇంకో పని నా నెత్తిన పడింది. ప్రతి పంచాయతీకీ ఒక జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. ఆ ఊళ్లో ఏ చెట్లున్నాయి, ఏ గడ్డి మొలుస్తుంది, ఏ పిట్టలు వస్తాయి, ఏ ఆకు దేనికి పనికొస్తుందో ఎవరికి తెలుసు, ఇవన్నీ ఊరివాళ్లు చెబితే మాలాంటి వాళ్లు శాస్త్రీయ నామాలు చేర్చి రాయాలి. ఊరి కమిటీ విని, సరేననుకుంటే సంతకాలు పెట్టాలి. చుట్టుపక్కల కొన్ని పంచాయతీలు మా కాలేజీకి అప్పగించారు. మేం ముగ్గురం: నేను, జువాలజీ సారు, కంప్యూటర్ మీద టైపు చేసే ఒకమ్మాయి.

జువాలజీ సారుది చిత్తూరు. పామును ఉత్త చేతులతో పట్టుకునే ఆ మనిషికి ఊరకుక్క కనిపిస్తే కాళ్లాడవు. ఏ ఊరికి వెళ్లినా ముందు నన్ను దించి, కుక్కలు లేవని నేను చేయి ఊపాకే ఆయన జీపు దిగేవాడు. నన్ను ఏడిపించడం ఆయనకు సరదా, ఆయన మీద కస్సుమనడం నాకు అలవాటు. పిల్లల్ని మొక్కలు చూపించడానికి ఊళ్లకు తీసుకెళ్లిన రోజుల నుంచీ పదిహేనేళ్లు అలాగే గడిచింది.

మొదట రాసిన ఊరు కొండ కింద ఉంది. ఆ ఊరి మీద మేం నాలుగు ఆదివారాలు పెట్టాం. అబ్బా, ఎంత బాగా చేశామని! ఒకే కొండకు ఎండ పక్క ఒక రకం చెట్లు, నీడ పక్క ఇంకో రకం. వాగు ఒడ్డున ఉన్నది రాతి మీద లేదు. కొంచెం పైకెక్కితే చాలు, కింద రాసుకున్న జాబితా పనికిరాకుండా పోయేది. ఎర్రచందనం, జాలారి, పేరు తెలియని తీగలు, నోటుబుక్కు నిండిపోయింది. ఒక రాతి చీలికలో బంగారు బల్లి కనిపించినప్పుడు జువాలజీ సారు గంతేసి, జారిపడి, మోకాలి దగ్గర ప్యాంటు చించుకున్నాడు. పసుపు పూసినట్టు మెరిసే ఆ బల్లి కొండరాళ్ల సందుల్లో తప్ప బతకదు. చిరిగిన ప్యాంటుతోనే ఆయన ఆ సాయంత్రం బస్టాండులో అందరికీ బల్లి గురించి చెప్పాడు. ఆ రిజిస్టరు చూసి పైవాళ్లు కూడా మెచ్చుకున్నారు. ఆ మెప్పు నాకు కొంచెం తలకెక్కింది.

రెండో ఊరు వడమాలపేట దాటి లోపలికి పోతే వస్తుంది. మేం వెళ్లింది మే నెలలో. ఊరికి పడమర పక్క పెద్ద బీడు. కొండ లేదు, వాగు లేదు. చవుడు నేల, అక్కడక్కడా కంప, ఎండిన గడ్డి. పది నిమిషాలు నడిచేసరికి నాకు తల పగిలిపోయింది. ఇక్కడ రాయడానికి ఏముందని విసుక్కున్నాను.

ఆ బీడులో మేకలు మేపుతున్న ఒకామె మా వెంట నడిచింది. అరవై దాటి ఉంటుంది. నోట్లో ఆకూ వక్కా, చేతిలో కొనకు కొడవలి కట్టిన పొడుగాటి కర్ర. ఊరి కమిటీలో ఆడవాళ్లు ఉండాలి కాబట్టి ఈమె పేరు రాశారట. ఆమెను నేను అక్కా అన్నాను, ఆమె నన్ను మేడమ్మా అంది. అడిగినదానికీ అడగనిదానికీ చెబుతూనే ఉంది. ఏ గడ్డి మేకకు పాలు పెంచుతుంది, ఏది తింటే కడుపు ఉబ్బుతుంది, ఏ మూల తేమ నిలుస్తుంది, ఏ చోట కౌజు పిట్టలు దాక్కుంటాయి. ఒకచోట ఆగి కర్ర అడ్డం పెట్టి మమ్మల్ని నిలబెట్టింది. చూస్తే ఉత్త నేల మీద, గులకరాళ్ల మధ్య, నాలుగు గుడ్లు. రాళ్లో గుడ్లో తెలియనంతగా కలిసిపోయాయి. ఆ పిట్ట గూడు కట్టదని, అందుకే తాను మేకలను చుట్టూ తిప్పి తోలుకుపోతానని చెప్పింది. జువాలజీ సారు కుక్కల సంగతి కూడా మరచిపోయి అక్కడే గొంతుక్కూర్చున్నాడు.

నేను మాత్రం గడియారం చూసుకున్నాను. ఆమె నా మొహం చూసి అర్థం చేసుకుంది.

"ఎండల్లో వచ్చి ఏముండాది అంటే ఏముంటాది మేడమ్మా? వానలు పడినాక రా. కార్తీకంలో ఆ పల్లంలో నేలంతా ఎర్రంగా అయిపోతాది. జిగురు పూ అంటాము మేము. ఇంతే ఉంటాది, ఈగ వాలిందంటే ఇడవదు."

ఈగను పట్టే మొక్క అనగానే బాటనీ చెప్పేదాని చెవులు నిక్కబొడుచుకోవాలి. నాకు అప్పుడు మజ్జిగ మీద ధ్యాస. జిగురు పూ అని రాసుకుని, పక్కన ప్రశ్న గుర్తు పెట్టి, వానల్లో వస్తానక్కా అన్నాను. మధ్యాహ్నానికల్లా జీపు ఎక్కేశాం. నా నోటుబుక్కులో ఆ ఊరికి ముప్పై పైచిలుకు పేర్లు. సగానికి శాస్త్రీయ నామాలు లేవు.

వానలు రాకముందే ఉత్తర్వు వచ్చింది. మిగిలిన పంచాయతీల రిజిస్టర్లన్నీ పక్షం రోజుల్లో కావాలన్నారు. ఆ పక్షం రోజులూ మా స్టాఫ్ రూమ్ పెళ్లివారి వంటశాలలా ఉండింది. ఒకరోజు టైపు అమ్మాయి రెండు ఫైళ్లు పట్టుకొచ్చింది. కొండ కింది ఊరిది లావుగా ఉంది, బీడు ఊరిది పల్చగా ఉంది. ఇది మరీ రెండు పేజీలు కూడా రాలేదు మేడమ్, తిప్పి పంపుతారేమో అంది. తర్వాత మెల్లగా, అక్కడిది ఇక్కడ పెట్టి ఊరి పేరు మార్చేద్దామా అని అడిగింది. ఆ పిల్ల తప్పు కాదు. అన్ని ఆఫీసుల్లోనూ ఫైళ్లు అలాగే తయారవుతాయని ఆమె అంతకుముందు పనిచేసిన చోట నేర్చుకుంది.

ఇక్కడ నేను ఒక్క నిమిషం ఆగి నిజం చెప్పాలి. ఒత్తిడి వల్ల చేశానని చెప్పుకోవడం సులువు. ఒత్తిడి ఉండింది, కాదనను. కానీ ఆ రెండు ఫైళ్లు పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు ఆ బీడు మీద జాలి కలిగింది. పేదింటి పిల్లకు అరువు నగలు పెట్టి పెళ్లిచూపుల్లో కూర్చోబెట్టినట్టు, నాలుగు గొప్ప పేర్లు దానికీ ఇస్తే ఏం పోయిందనిపించింది. రేపు ఎవరైనా ఆ నేల జోలికి వస్తే లావుపాటి పుస్తకం చూసి వెనక్కి తగ్గుతారు కదా అని కూడా అనుకున్నాను. ఎక్కువ పేర్లున్న చోటే విలువైన చోటని నా బుర్రలో పాతుకుపోయి ఉండింది. ఒక్కో నేలకు దాని లెక్క దానిదేనని, తక్కువ పేర్లున్నా అవి ఇంకెక్కడా లేనివి కావచ్చని పిల్లలకు ఏటా పాఠం చెప్పిన మనిషిని. బోర్డు మీద రాసి, కింద గీత కూడా గీసేదాన్ని.

జువాలజీ సారు ఒక్కడు అడ్డం వచ్చాడు.

"చెట్లంటే మీ ఇష్టం మేడమ్. బల్లిని గూడా ఆడికి తోల్తారా? ఆ బీట్లో చెంబంత రాయి గూడా లేదు."

నేను కస్సుమన్నాను. అంత పట్టింపు ఉంటే మీరే కూర్చుని కొత్తగా రాయండి, పక్షం రోజుల్లో పన్నెండు ఊళ్లు రాసి చూపించండి అన్నాను. ఆయన సరే తల్లీ అని చేతులెత్తి దండం పెట్టి వెళ్లిపోయాడు. నా ముప్పై పేర్లు, ఆ గుడ్ల పిట్ట, జిగురు పూ, అన్నీ పల్చటి ఫైలుతో పాటు అలమారలోకి పోయాయి. వాటిని కనీసం చివర్న చేర్చినా బాగుండేది. అరువు నగల మధ్య పూసల దండ ఎందుకనుకున్నానేమో.

కమిటీ సంతకాల కోసం పంచాయతీ ఆఫీసుకు వెళ్లినప్పుడు మేకలామె కూడా వచ్చింది. అంత లావు పుస్తకం చూసి మురిసిపోయింది. చీర కొంగుతో చేయి తుడుచుకుని అట్ట మీద నిమిరింది.

"జిగురు పూ రాసినారా మేడమ్మా?"

"రాశాం అక్కా."

ఆమె నవ్వుతూ వేలిముద్ర వేసింది. ఎక్కడ వేయాలో నేనే వేలు పట్టుకుని చూపించాను.

ఆ తర్వాత రెండేళ్లు నాకు ఆ ఊరు గుర్తు రాలేదు. రెండు కార్తీకాలు వచ్చి వెళ్లాయి, నేను వెళ్లలేదు.

రిటైర్మెంటుకు ఎనిమిది నెలలున్నాయనగా ఒకరోజు క్లాసు నుంచి వస్తుంటే మెట్ల మీద ఆమె కూర్చుని ఉంది. తమ ఊరి వార్డు మెంబరును వెంటబెట్టుకుని రెండు బస్సులు మారి వచ్చింది. విషయం ఏమిటంటే, రేణిగుంట పక్కనున్న గోదాములు చాలక ఎవరో కొత్తగా గోదాములు కట్టడానికి ఆ బీడు అడుగుతున్నారు. లారీలు నిలిపే స్థలంతో కలిపి మొత్తం బీడు పోతుంది. ఊళ్లో సగం మందికి ఉద్యోగాల ఆశ పెట్టారు. మేకలున్న నాలుగైదు ఇళ్లవాళ్లు మాత్రం వద్దంటున్నారు. ఈమెకు ఆ మేకలు తప్ప సెంటు భూమి లేదు. విచారణకు అధికారి వస్తున్నాడు, ఊరివాళ్లు ఏం చెప్పుకోవాలన్నా ఆ రోజే చెప్పుకోవాలి.

"మేము నోటితో సెప్తే ఎవురింటారు మేడమ్మా? నువ్వు రాసిన బుక్కు ఉండాది గదా. అదే సూపిస్తాము. నువ్వు వచ్చి ఆడ కుసో, సాలు."

వస్తానన్నాను. వాళ్లకు క్యాంటీనులో టీ ఇప్పించాను. వాళ్లు వెళ్లాక అలమారలో రిజిస్టరు నకలు తీసి చూసుకున్నాను. రెండో పేజీలోనే ఎర్రచందనం. తర్వాత జాలారి. సరీసృపాల కింద బంగారు బల్లి. కుర్చీలో కూలబడ్డాను. ఆ నిమిషంలోనే వార్డు మెంబరుకు ఫోన్ చేసి, ఆ పుస్తకం బయటికి తీయకండి, అందులో తప్పుంది, అసలు జాబితా నా దగ్గరుంది, తెస్తాను అని చెప్పి ఉండొచ్చు. నంబరు నా దగ్గరే ఉంది. అలా చెబితే తప్పు చేశానని ఒప్పుకున్నట్టు. విచారణ, సంజాయిషీ, పెన్షన్ కాగితాలు ఆగిపోవడం, ఇవన్నీ వరుసగా కళ్ల ముందు తిరిగాయి. జువాలజీ సారును అడిగాను. "ఎవురు సదువుతారు మేడమ్, బరువు సూస్తారు" అన్నాడు. అది ఆయన నాకోసం అన్నాడో తనకోసం అన్నాడో. నాకు కావలసింది ఆ మాటే కాబట్టి పట్టుకున్నాను.

విచారణ రోజు స్కూలు ముందర షామియానా వేశారు. ప్లాస్టిక్ కుర్చీలు, బల్ల మీద మంచినీళ్ల సీసాలు. నేనూ జువాలజీ సారూ వెనకనుంచి రెండో వరుసలో కూర్చున్నాం. మేకలామె ముందు వరుసలో ఉంది. ఉతికిన చీర కట్టుకుంది, ఒళ్లో రిజిస్టరు. ఒకసారి వెనక్కి తిరిగి నేను వచ్చానని చూసుకుని తల ఊపింది.

గోదాముల వాళ్ల తరఫున నివేదిక చదవడానికి లేచిన కుర్రాణ్ని చూడగానే గుర్తుపట్టాను. నా దగ్గర మూడేళ్లు చదివినవాడు. నేను రికార్డు చించి చేతిలో పెట్టిన వాళ్లలో వాడొకడు. ఆ చించిన బొమ్మను వాడు మళ్లీ తోటలోకి వెళ్లి, మొక్క ముందు కూర్చుని గీసుకొచ్చాడని కూడా నాకు గుర్తుంది. అంటే వాడు పని నేర్చుకున్నాడు. నా దగ్గరే నేర్చుకున్నాడు.

ఊరివాళ్ల వంతు వచ్చింది. మేకలామె లేచి, పుస్తకం రెండు చేతులతో అధికారి బల్ల మీద పెట్టింది. తమ బీడులో ఏమేమున్నాయో కాలేజీవాళ్లే రాసినారని, సామి చదువుకోవాలని చెప్పింది. అధికారి పుస్తకం తిప్పి ఆ కుర్రాడికి ఇచ్చాడు. వాడు నాలుగు పేజీలు తిరగేశాడు, ఆగాడు, మళ్లీ వెనక్కి తిరగేశాడు. వాడి మొహంలో సంతోషమేమీ లేదు, అది మాత్రం చెప్పాలి. తర్వాత మూడు పేర్లు పైకి చదివాడు. ఎర్రచందనం, జాలారి, బంగారు బల్లి. ఊళ్లో కొండ ఉందా అని అధికారి అడిగాడు. లేదన్నారు. రాళ్లగుట్టలేమైనా ఉన్నాయా అన్నాడు. లేవన్నారు. బంగారు బల్లి మా ఊళ్లో ఉంటే మేము దుబాయి పోకుండానే ఎప్పుడో బాగుపడుందుము అని ఎవరో వెనకనుంచి అన్నారు. షామియానా అంతా నవ్వింది.

మేకలామె నవ్వలేదు. ఆమెకు ఇంకా అర్థం కాలేదు. చదవడంలో ఏదో పొరపాటు జరిగిందనుకుని, నేల మీద గుడ్లు పెట్టే పిట్ట గురించి, కౌజుల గురించి, గడ్డి పేర్లు ఒక్కొక్కటీ గబగబా చెప్పడం మొదలుపెట్టింది. జిగురు పూ దాకా వచ్చింది. అధికారి మర్యాదగానే అడిగాడు.

"అవి ఇందులో ఉన్నాయా?"

కుర్రాడు వెతికి లేవన్నాడు.

"ఈ వేలిముద్ర నీదేనా అమ్మా?"

"నాదే సామీ."

"అంటే ఉన్నవి లేవని, లేనివి ఉన్నాయని వేలిముద్ర వేశావు. ఇప్పుడు నువ్వు నోటితో చెప్పేది నేనెట్లా నమ్మాలి?"

ఆమె తన బొటనవేలు చూసుకుంది. నిజంగా చూసుకుంది, చేయి పైకెత్తి. నా పక్కన జువాలజీ సారు తల వంచుకుని చెప్పుల వైపు చూస్తున్నాడు. కుర్రాడు ఒక్కసారి వెనక వరుసల వైపు చూసి, నన్ను చూశాడో లేదో, కళ్లు దించుకున్నాడు. సంతకం నాదని వాడికి తెలియకుండా ఉండదు. వాడు నా పేరు ఎత్తలేదు.

అధికారి పుస్తకం మూస్తూ, ఇది రాసినవాళ్లెవరైనా ఇక్కడికి వచ్చారా అని అడిగాడు.

మేకలామె వెనక్కి తిరిగింది. వరుసలన్నీ దాటి ఆమె చూపు నేరుగా నా మీదికి వచ్చింది. చాలాసేపు నన్నే చూసింది.

"రాలేదు సామీ. ఆ మేడమ్మ రాలేదు."

అధికారి వెంటనే ముందుకు పోలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, నీళ్లు తాగాడు, పక్కవాణ్ని ఏదో అడిగాడు. ఎవరో కుర్చీ జరిపారు. నేను కూర్చునే ఉన్నాను. తర్వాత ఆయన రిజిస్టరును బల్ల చివరికి నెట్టి, ఇంకో కాగితం చేతిలోకి తీసుకుని, తర్వాతి మనిషిని పిలిచాడు.

తిరిగి వచ్చేటప్పుడు రేణిగుంట దగ్గర టీ తాగడానికి ఆగాం. మీరెందుకు లేవలేదని జువాలజీ సారు మీద విరుచుకుపడ్డాను. సిగ్గు పట్టలేనప్పుడు నాకు కోపమే వస్తుంది, పుట్టుబుద్ధి. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "మీరు లేస్తే మీ ఎంబడి లేద్దామని కాసుకోనుండినా మేడమ్" అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. పదిహేనేళ్లుగా ఆయన నా వెనకే కదా జీపు దిగింది. ఆ రోజు నుంచి మేమిద్దరం మునుపటిలా పోట్లాడుకోలేదు, నవ్వుకోలేదు కూడా.

ఆ బీడులో చెప్పుకోదగ్గ జీవజాతులేవీ లేవని ఉత్తర్వు వచ్చింది. ఊరివాళ్లు ఇచ్చిన రిజిస్టరు నమ్మదగింది కాదని అందులో ఒక వాక్యం కూడా ఉంది.

కార్తీకంలో నేనొక్కదాన్నే వెళ్లాను. వాన వెలిసి ఎండ కాస్తోంది. కంచె కోసం అప్పటికే సిమెంటు స్తంభాలు దించి ఉంచారు. చెప్పులు చేత పట్టుకుని పల్లంలోకి దిగాను. నేలంతా ఎర్రగా ఉంది. వంగి చూస్తే వేలెడంత మొక్కలు, వేలకు వేలు, ఒక్కో ఆకు మీద జిగురు చుక్కలు మెరుస్తున్నాయి. వాటి మధ్య నీళ్లు నిలిచినచోట పసుపు పూలు, నీలం పూలు, అవి కూడా పురుగులు తినే జాతివే. ముప్పై ఏళ్లు పిల్లలకు పుస్తకంలో బొమ్మ చూపించాను, ఒకే చోట ఇన్ని నేనెప్పుడూ చూడలేదు. కొండ కింది ఊళ్లో నాలుగు ఆదివారాలు తిరిగినా ఇవి ఒక్కటీ కనబడలేదు. బురదలో మోకాళ్ల మీద కూర్చుని ఏడ్చాను. ఏడిస్తే ఏం లాభం? ఫోటోలు తీసుకున్నాను, ఎవరెవరికో పంపాను. ముందే ఎందుకు రాయలేదని ఒకాయన తిరిగి అడిగాడు. సంక్రాంతి లోపల నేల చదును చేశారు.

నా రిటైర్మెంటు సభలో శాలువా కప్పి, పల్లెపల్లెకూ తిరిగి రిజిస్టర్లు రాసిన మేడమ్ అని పొగిడారు. చప్పట్లు కొట్టారు. దండం పెట్టి కూర్చున్నాను. చూశారా, అక్కడ కూడా నోరు మెదపలేదు.

పెన్షన్ కాగితాలు చేతికొచ్చాకే ఆ ఊరికి మళ్లీ వెళ్లాను. ఇది కూడా రాయాలి, దాచకూడదు. అంతకుముందు వెళ్లడానికి ధైర్యం చాలలేదు. మేకలామె ఇంటి ముందు బండ మీద కూర్చుని చేటలో బియ్యం చెరుగుతోంది. మేకలన్నీ అమ్మేసిందట. గోదాములో ఊడ్చే పనికి వెళ్తోంది. ఆ రోజు సెలవు. నన్ను చూసి లేచి చాప వేసింది, మంచినీళ్లిచ్చింది. తిడుతుందనే సిద్ధపడి వెళ్లాను.

తప్పు నాదని చెప్పాను. ఆమె వేలు పట్టుకుని నేనే అబద్ధం మీద ముద్ర వేయించానని చెప్పాను. ఆమె చెరగడం ఆపకుండా వింది. ఊళ్లో ఇప్పటికీ తనను చూస్తే బల్లి బంగారమ్మ అని పిలుస్తారని, మొదట్లో ఒళ్లు మండేదని, ఇప్పుడు అలవాటైపోయిందని చెప్పింది. నేను అడగడానికి వెళ్లింది ఇంకొకటి ఉంది. అంత అవమానంలోనూ నన్ను ఎందుకు కాపాడావక్కా, నేను అక్కడే ఉండగా రాలేదని ఎందుకు చెప్పావని అడిగాను.

చేట కింద పెట్టి నా మొహంలోకి చూసింది.

"నిన్ను కాపాడేదానికా? ఎందుకు కాపాడతా మేడమ్మా, నా బీడు పోతా ఉంటే. నీ పేరు నేను సెప్తే నా తప్పు నీ మీదికి తోసినట్ల అవుతాది, ఎవురూ నమ్మరు. రాలేదంటే నువ్వే లేస్తావనుకొన్నా. ఈడే ఉండాను, ఆయమ్మది తప్పు లేదు, నేనే రాసినా అంటావని. ఆ సామి నీళ్లు తాగి ఇంకో కాయితం తీసేదాకా నీ పక్కే సూస్తా ఉండినా."

తర్వాత మళ్లీ చేట చేతిలోకి తీసుకుంది. అన్నం తిని పొమ్మంది. నేను తినలేదు.

పిల్లలూ, నేను లేచి ఉంటే ఆ బీడు మిగిలేదో లేదో నాకు తెలియదు. బహుశా పోయేదే. కానీ ఆ రోజు ఆ షామియానా కింద నేను లేస్తానని నమ్మిన మనిషి ఆమె ఒక్కతే. నేను కూడా నమ్మలేదు.